మేస్త్రి పెన్సిలు అచ్చులు

మా అమ్మాయికి పోయిన నెలలో డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. వచ్చిన మూడో రోజే ఫోన్లో ఒక పాత జీపు ఫోటో చూపించింది. కడపలో ఎవరో అమ్మకానికి పెట్టారట. పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిలు ఇంజిన్ ఎక్కించిన బండి.

"నాన్నా, ఇంజిన్ మార్చిన బండి కొత్తగా లైసెన్సు తీసుకున్నోళ్ళు నడపచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?" అని అడిగింది.

పేపరులోంచి తల ఎత్తకుండానే చెప్పాను. లైసెన్సు నిన్నటిదా ఇరవై ఏళ్ళనాటిదా అని చట్టం అడగదు, ఆ రకం బండికి లైసెన్సు ఉంటే చాలు. అది అడిగేది బండి సంగతి. ఇంజిన్ మార్చడానికి రవాణా ఆఫీసు ఒప్పుకుందా, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కిందా, పెట్రోలు అన్నచోట డీజిలు అని మారిందా, బీమావాళ్ళకు తెలిపారా. ఇవన్నీ ఉంటే కొత్తవాళ్ళు నిశ్చింతగా నడపొచ్చు. లేకపోతే ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు నడిపినా తప్పే.

"నీకివన్నీ ఎట్ల తెలుసు నాన్నా?" అంది ఆశ్చర్యంగా. ఆమెకు తెలిసి నేను స్కూటరు తప్ప ఏదీ నడపను.

"ఎవరో చెప్పినారులే" అన్నాను.

ఎవరో! నోటి నుంచి ఆ మాట వచ్చాక పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాను. ముప్పై ఏళ్ళుగా బడిలో సోషల్ చెప్తున్నాను. పౌరుని విధులు అనే పాఠం పుస్తకం చూడకుండా అప్పజెప్పగలను. అలాంటి నేను ఒక మనిషిని ఎవరో అన్నాను.

ఆయన పేరు ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. అందరికీ మేస్త్రి. రాయచోటి నుంచి కడపకు పోయే రోడ్డులో, ఊరు దాటీ దాటకముందే ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. మంత్రాలయం దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. డబ్బును దుడ్లు అనేవాడు. ఆ మాటకు మా ఊరివాళ్ళు నవ్వితే, "నవ్వండప్పా, యా పేరు పెట్టినా ఈడ నిలబడేది లేదు గదా" అని తనూ నవ్వేవాడు.

మనిషి పొట్టి. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక ముక్క పెన్సిలు ఉండేది. ఇంజిన్ మోగుతుంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఎవరైనా మాట్లాడితే వేలు ఎత్తేవాడు. ఆయిలు బొటనవేలికి రాసుకుని వాసన చూసేవాడు. గురువారం మాత్రం పానా పట్టడు. "ఈ పొద్దు రాయరిది" అనేవాడు. నెలకొకసారి ఆ రోజున మంత్రాలయం పోయి స్వామిని చూసుకుని వచ్చేవాడు.

ఇంజిన్లు మార్చడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. అయితే నాకు గుర్తుండిపోయింది ఆ పనికన్నా ఆయన పట్టే పెన్సిలు అచ్చు. ఇంజిన్ బండిలో కూర్చున్నాక, దాని పక్కన చెక్కిన నంబరును కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. ఒక పలచటి కాగితం దాని మీద పరిచి, చెవి మీది పెన్సిలు తీసి అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దేవాడు. నల్లటి గీతల మధ్య అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలేవి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి మనమందరం చేసిన పనే. అంకెలన్నీ తేలాక గట్టిగా చదివేవాడు, నామకరణంలో బిడ్డ చెవిలో పేరు చెప్పినంత శ్రద్ధగా. అచ్చు రెండు తీసేవాడు. ఒకటి ఆఫీసు దరఖాస్తుకు. రెండోది తన నోటుబుక్కులో అంటించి, దాని కింద ఇంజిన్ మార్చిన సంగతి బండి యజమాని చేత రాయించి సంతకం పెట్టించుకునేవాడు. రాయను రానివాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు.

"బండికి ఇంజిన్ ఎక్కిస్తే చాలదప్పా, ఆర్‌సీకి గూడా ఎక్కియ్యాల" అనేది ఆయన నిత్యం చెప్పే మాట. అది ఎక్కేదాకా బండి షెడ్డు దాటేది కాదు. తొందరపడి గొణిగినవాళ్ళకు బెంచీ చూపించి టీ తెప్పించేవాడు. టీ తాగి పోవడమే గాని బండి తీసుకుపోవడం లేదు.

నేను ఆయన దగ్గరికి పోయింది పన్నెండేళ్ళ కిందట. మా పెదనాన్న వాడిన తెల్ల అంబాసిడరు నా వాకిట్లో తుప్పు పడుతోంది. పెట్రోలు ఇంజిన్ బిగుసుకుపోయింది. నాకు నలభై దాటాక బుద్ధి పుట్టి కారు నేర్చుకున్నాను, లైసెన్సు వచ్చి ఏడు వారాలైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఎప్పుడెప్పుడు స్టీరింగు పట్టుకుందామా అని చేతులు లాగుతున్నాయి. డీజిలు ఇంజిన్ పెట్టిస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరో అన్నారు. బండిని షెడ్డుకు లాక్కుపోయాం.

మేస్త్రికి చదువు నాలుగో తరగతి. అందుకేనేమో బడిపంతులంటే ఆయనకు భక్తి. నన్ను చూడగానే బెంచీ తుడిచాడు. నెల తరువాత ఇంజిన్ బండిలో కూర్చున్న రోజు అచ్చు అంటించిన నోటుబుక్కు నా ముందు పెట్టాడు.

"అయివారూ, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున గీకిపోతాండారు. మీరు మంచి తెలుగులో తప్పులేకుండా ఒక మాట రాసియ్యండి. ఇంగ అందరితో దాన్నే చూసి రాపిస్తా."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పెన్ను తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. 'ఈ బండికి ఇంజిన్ మార్చిన సంగతి నాకు తెలుసు. ఆర్‌సీలో నమోదైన తరువాతనే దీనిని రోడ్డు మీదికి తీస్తాను. దీనికి పూర్తి బాధ్యత నాదే.' కింద సంతకం పెట్టి, ఊరికే ఉండక బ్రాకెట్లో నా ఉద్యోగం కూడా రాశాను. ఆయన చదివించుకుని విని, "ఇది మాటంటే" అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డు పక్కనున్న ఖాళీ జాగాలో నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. నిండుగా టీ ఉన్న గాజు గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టాడు. నేల మీద పానాతో ఒక గీత గీశాడు.

"టీ తొణక్కుండా ఈ గీత కాడ నిలబెట్టండి."

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ టీ నా ప్యాంటు మీద పడింది. రెండుసార్లు గీత దాటి పోయాను.

"లైసెన్సు ఆఫీసోళ్ళు ఇచ్చినారు గదా అయివారూ, ఇంగ ఈ ఇంజిన్ ఇయ్యాల" అని నవ్వాడు. ఆ తరువాత నవ్వకుండా చెప్పాడు. "డీజిలుది బరువు శానా. బండికి ముక్కు బరువు పెరిగుండాది. పాత బ్రేకులు దీన్ని పట్టుకోలేవు. ఆఫీసోళ్ళు బండి చూసే లోపల బ్రేకులు మార్చి పెడతా. పది దినాలు ఓపిక పట్టండి. కాయితాలు వచ్చేస్తాయి."

ఆ పది దినాల మధ్యలో ప్రొద్దుటూరులో మా బావమరిది గృహప్రవేశం వచ్చిపడింది. అత్తగారి తరఫు వాళ్ళలో సొంత కారులో దిగనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత వెతుక్కున్నా ఇంతకంటే గొప్ప కారణం నాకు దొరకదు.

అది గురువారం. మేస్త్రి తెల్లవారుజామున బస్సెక్కి మంత్రాలయం పోయాడని నాకు తెలుసు. తెలిసే పోయాను. ఆయన భార్య వాకిట్లో శనక్కాయలు వలుస్తోంది.

"అమ్మా, బండి తాళం ఇవ్వండి. మేస్త్రికి నిన్ననే చెప్పినాను" అన్నాను.

"నాతో ఏమీ చెప్పలేదే" అని ఒక క్షణం నా ముఖం చూసింది. ఉతికి ఇస్త్రీ చేసిన నా చొక్కా చూసింది. "అయివారు అబద్ధం చెప్తారా" అని తనకు తానే అనుకుని, కొంగుకు చేతులు తుడుచుకుని లోపలికి పోయి తాళం తెచ్చి ఇచ్చింది.

గృహప్రవేశంలో నా కారు చుట్టూ పదిమంది చేరారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పల్లె బస్టాపు దగ్గర పాలక్యాన్లు కట్టిన మోటారుసైకిలు అడ్డం వచ్చింది. అడ్డం రావడమంటే అతను తన దారిన తాను మెల్లగా మలుపు తిరుగుతున్నాడు. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. ముక్కు బరువు తనంతట తానే ముందుకు పోయినట్టు పోయింది. అతని కాలు విరిగింది. పాలు రోడ్డు వాలున చాలా దూరం పారాయి.

మూడు రోజులకు బీమా మనిషి వచ్చి బానెట్ ఎత్తాడు. ఆర్‌సీలో ఉన్న నంబరు వేరు, ఇంజిన్ మీదున్న నంబరు వేరు. నన్ను స్టేషనుకు రమ్మన్నారు.

బడిపంతులు కాబట్టి నాకు కుర్చీ వేశారు. ఇంజిన్ మార్చిన సంగతి నీకు తెలుసా అని అడిగాడు ఎస్సై. కష్టమైన ప్రశ్నేమీ కాదు. తెలుసు అంటే ఉద్యోగం ఏమవుతుందో అన్న ఆలోచన ఒక్కటే నా తలలో ఉంది. సస్పెన్షను, పేపర్లో పేరు, బావమరిది ముఖం.

"తెలియదు సార్. రిపేరుకు ఇచ్చినాను. ఆయన ఏమి చేసినాడో నాకేమి తెలుసు" అన్నాను.

మేస్త్రిని పిలిపించారు. భుజానికి గుడ్డసంచి వేసుకుని వచ్చాడు. సంచిలో ఏముందో దాని అంచు చూసి నేను పోల్చుకున్నాను. ఎస్సై నా మాట ఆయనకు వినిపించి, "అయ్యవారికి చెప్పకుండా ఇంజిన్ మార్చినావా?" అని అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. ఇంజిన్ శబ్దం వినేటప్పుడు పెట్టే ముఖమే పెట్టాడు. చెయ్యి సంచి మీదికి పోయింది. నోటుబుక్కు సగం పైకి వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఇది. తల వంచుకుని నా చెప్పుల వంక చూశాను. మళ్ళీ తలెత్తేసరికి నోటుబుక్కు సంచిలోకి పోయింది.

"అవును సార్. నాదే తప్పు" అన్నాడు.

నాకు జరిమానాతో పోయింది. కేసు ఆయన మీద పడింది. స్టేషను బయట కానుగ చెట్టు కింద ఆయన నాకోసం ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఈ పన్నెండేళ్ళూ నాకు కాస్త తేలికగా గడిచేవి.

"ఆ పాలాయప్ప కాలు యట్లుండాది అయివారూ?" అని అడిగాడు.

కట్టు కట్టారని చెప్పాను.

"తొక్కితే నిలబడలేదు గదా" అన్నాడు. తల ఊపాను. చెప్పి ఉంటిని కదా అని కూడా అనలేదు. పోబోతూ వెనక్కి తిరిగి, "తాళమిచ్చింది మా ఇంటామె. నిజం చెప్తే ఆమెను గూడా ఈడికి పిలుస్తారు. నా ఇంట్లోనుంచి తాళం పోయినాక ఇంగ మిమ్మల్ని అని ఏమి లాభం" అన్నాడు. ఆ మాట నాకు ఊరటనిచ్చింది. భార్యను కాపాడుకోవడానికి చెప్పాడు గాని నాకోసం కాదు అని ఇంటికి పోయేదాకా నాకు నేను చెప్పుకున్నాను. పాలాయనకు వైద్యం నేను చేయించిన సంగతి మాత్రం పదిమందిలో చెప్పుకున్నాను, ధర్మం చేసినవాడిలా.

షెడ్డుకు తాళం పడింది. ఊర్లో ఒక మాట లేచింది, మేస్త్రి పెట్టేవన్నీ దొంగ ఇంజిన్లని. ఒకనాడు మా స్టాఫ్‌రూములో ఆ మాట వచ్చింది. "ఏమి సార్, మీ బండికి కూడా ఆయప్ప దొంగతనంగానే పెట్టినాడంట గదా" అని లెక్కల మాస్టరు అడిగాడు. గుమ్మడికాయ దొంగలా భుజం తడుముకున్నానేమో, ఎవరూ గమనించలేదు. "అట్లనే అంటాండారు" అన్నాను. నంబరు లేని ఇంజిన్‌ను ముట్టని మనిషి గురించి, ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన నేను ఆ మాట అన్నాను. తరువాతి పీరియడులోనే పోయి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను.

తెల్ల బండిని అమ్మేశాను. స్టీరింగు మళ్ళీ ముట్టలేదు. ఏడాది తరువాత మేస్త్రి అదే షెడ్డు తెరిచాడని విన్నాను. కడప పోవాలంటే బస్సులో షెడ్డు కనిపించే పక్క కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి కాదు. ఒకసారి రాయచోటి బస్టాండులో ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది, పెన్సిలు అలాగే ఉంది.

"బాగుండారా అయివారూ? బండి తోలుతాండారా?"

"బస్సు కదుల్తా ఉంది మేస్త్రీ" అని ఎక్కేశాను. ఆ బస్సు ఇంకో పావుగంట కదల్లేదు. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. నేను సీట్లో ముందుకు వంగి, పడిపోని దేన్నో కాళ్ళ దగ్గర వెతుకుతున్నట్టు కూర్చున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి జీపు. కడపకు పోయి చూశాం. అమ్మే ఆయన కాగితాలన్నీ వరసగా పెట్టాడు. ఆఫీసు అనుమతి, ఇంజిన్ నంబరు ఎక్కిన ఆర్‌సీ, బీమా. అన్నిటికంటే పైన ఒక పలచటి కాగితం, నల్లటి పెన్సిలు గీతల మధ్య తెల్లటి అంకెలు.

"రాయచోటి మేస్త్రి ఎక్కించిన ఇంజిన్ సార్. ఇంగ చూసుకునే పనిలేదు. పాపం, నాలుగు నెలలాయె ఆయప్ప పోయి" అన్నాడు.

నేను ఆర్‌సీ చేతిలోకి తీసుకుని, అందులోని నంబరును మళ్ళీ మొదటి నుంచి చదివాను. మా అమ్మాయి ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తోంది. ఇలాంటివి ఆయన నోటుబుక్కులో కూడా ఉంటాయని, దాంతో ఒకసారి సరిచూసుకుంటే నమ్మకమని అమ్మే ఆయన చెప్పాడు. "పోయే దారే గదా నాన్నా" అంది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

షెడ్డు మూసి ఉంది. ఇంటి వాకిట్లో మేస్త్రి భార్య ఉంది. పన్నెండేళ్ళకు నా జుట్టు రాలిపోయింది, కళ్ళద్దాలు వచ్చాయి. అయినా చూసీ చూడగానే లేచింది.

"రాండి అయివారూ. తాళం కోసం వస్తిరి, మళ్ళా ఈ పొద్దే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్కన అది నిజం, అంతే. లోపల చాప వేసింది. గోడ మీద ఆయన ఫోటో ఉంది, అందులో చెవి మీద పెన్సిలు లేదు. ఎవరి ఫోటోనో అనిపించింది. మా అమ్మాయి వచ్చిన పని చెప్పింది. ఇంటావిడ నోటుబుక్కు తెచ్చి ఇచ్చి, టీ పెట్టడానికి పోయింది.

నోటుబుక్కు అట్టకు గుడ్డ అంటించి ఉంది. మా అమ్మాయి తిప్పుతోంది. ప్రతి పేజీలో ఒక అచ్చు, దాని కింద రాత. జీపుది దొరికింది, నంబరు కలిసింది. మా అమ్మాయి అక్కడ ఆపలేదు.

"నాన్నా, చూడు. ముందర కొన్ని పేజీలు తప్ప, అందరూ ఒకటే మాట రాసినారు. 'ఈ బండికి ఇంజిన్ మార్చిన సంగతి నాకు తెలుసు...' రాత మాత్రం ఒక్కొక్కరిది వేరే."

పెద్ద అక్షరాలు, వంకర అక్షరాలు, బడికి పోనివాళ్ళు బొమ్మ గీసినట్టు గీసినవి. తేదీలు చూశాను. షెడ్డు మళ్ళీ తెరిచిన తరువాతవి కూడా అవే మాటలు.

వంటింట్లోనుంచి ఆమె గొంతు వినిపించింది. "ముందర ఒక పేజీ ఉంటాది చూడమ్మా. దాన్ని చూసే అందరూ రాసేటోళ్ళు. అయివారు రాసిచ్చిన మాట, దాంట్లో తప్పుండదు, చూసి రాయండప్పా అని అందరికీ చెప్పేటోడు."

ఆ పేజీని వెతకనక్కర్లేదు, బుక్కు తనంతట తానే అక్కడ తెరుచుకుంది. మిగతా పేజీల కంటే నల్లగా ఉంది. ఎంతమంది ఆయిలు చేతులు దాని మీద ఆనాయో, అంచులు అరిగి గుడ్డలా మెత్తబడ్డాయి. మధ్యలో నా ముత్యాల అక్షరాలు చెక్కుచెదరలేదు. సంతకం, బ్రాకెట్లో ఉద్యోగం. కేసు నడిచిన నాళ్ళలో కూడా ఇది ఆయన సంచిలోనే ఉండింది. ఆ తరువాత తాను పోయేదాకా వచ్చినవాళ్ళందరి ముందూ దీన్నే తెరిచి పెట్టాడు. ఎందరు నా పేరు చదివి ఉంటారో. ఒక్కరితోనైనా ఆయన ఆ సంగతి చెప్పి ఉంటే, ఏదో ఒకనాడు అది నా చెవిన పడేది.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో కూడా నా చెయ్యి ముందు ఆ పేజీని మూయడానికే పోయింది.

మా అమ్మాయి నా చెయ్యి పక్కకు జరిపింది. చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది నీ సంతకమే కదా నాన్నా?"

మేస్త్రి భార్య టీ గ్లాసులు తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాదే" అన్నాను. "నాకు తెలుసు. తెలిసే బండి తీసుకుపోయినాను. ఈమెకు అబద్ధం చెప్పి తాళం తీసుకున్నాను. ఒక మనిషి కాలు విరగ్గొట్టినాను. స్టేషన్లో అడిగితే తెలియదన్నాను. ఆ తప్పు ఆయన మీద పడింది."

మా అమ్మాయి నా ముఖం వైపు కాక నోటుబుక్కు వైపే చూస్తోంది. నేను ఫోటో వైపు చూడలేక గుమ్మం వైపు చూశాను.

"మాకు తెలిసిందే గదా అయివారూ" అంది ఆమె. "నేను శానా నాళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నా. ఆయప్పే ఒద్దనేటోడు. కొత్తగా లైసెన్సు తీసుకున్నోడు, బయపడినాడు, అంతే అనేటోడు. మీరు ఎప్పుడన్నా వస్తారని చూసేటోడు."

వచ్చి నా చేతికి గ్లాసు అందించింది. నిండుగా పోసింది.

"తాగండి, సల్లారిపోతాది."

గ్లాసు అందుకున్నాను. ఇంజిన్ లేదు, గీత లేదు, కదలని నేల మీద చాప వేసుకుని కూర్చున్నాను. అయినా తొణికింది.